టారో కార్డుల్లో స్త్రీమూర్తి: చెక్క అచ్చు నుంచి మిశ్రమ ముద్రణ దాకా

టారో కార్డులు పదిహేనో శతాబ్దం తొలి సగంలో ఉత్తర ఇటలీలో పుట్టాయి. అప్పట్లో వాటితో జోస్యం చెప్పేవారు కాదు, పేకాట ఆడేవారు. కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు అనే నాలుగు జాతుల మామూలు పేకకు 22 బొమ్మల ముక్కలు చేర్చగా 78 ముక్కల కట్ట తయారైంది. కొత్తగా చేరిన ముక్కల్లో ఒక్క విదూషకుడు తప్ప మిగతావన్నీ తురుపులే. ఏ జాతి ముక్కనైనా అవి కోసేస్తాయి. 1440లో ఫ్లోరెన్స్‌లోను, 1442లో ఫెరారా రాచకుటుంబపు పద్దుల్లోను ఈ కార్డుల ప్రస్తావన ఉంది. మొదట్లో వీటిని ‘ట్రియోన్ఫీ’ అన్నారు. ‘టారోకీ’ అన్న పేరు 1505 ప్రాంతంలో కనిపిస్తుంది.

ఈ కట్టలో స్త్రీలకు దక్కిన చోటు తక్కువేమీ కాదు. ఫ్రాన్స్‌లో స్థిరపడిన నమూనా ప్రకారం చూస్తే మహిళా పోపు, సామ్రాజ్ఞి, న్యాయం, బలం, మితం, నక్షత్రం, ప్రపంచం అనే ఏడు తురుపుల్లో స్త్రీయే ప్రధాన పాత్ర. నాలుగు జాతుల రాణులు వీరికి అదనం. ఐదు వందల ఏళ్లకు పైగా ఈ పదకొండు మంది స్త్రీలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నారు. అచ్చు పద్ధతి మారినప్పుడల్లా వారి దుస్తులు, భంగిమ, చేతిలోని వస్తువు, దాని అర్థం కూడా మారుతూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ బొమ్మలు గీసే పని స్త్రీల చేతికి వచ్చింది. నేటి మిశ్రమ మాధ్యమ ముద్రణలో టారో గుర్తులకు ఉన్న స్థానం ఈ చరిత్ర నుంచే వచ్చింది.

మిలాన్ దర్బారులో బంగారు బొమ్మలు

మిగిలి ఉన్న తొలినాటి కట్టల్లో ప్రసిద్ధమైనవి మిలాన్ పాలకులైన విస్కోంతి, స్ఫోర్జా వంశాల కోసం చేయించినవి. 1450 ప్రాంతపు విస్కోంతి-స్ఫోర్జా కట్టను చిత్రకారుడు బొనిఫాచో బెంబోకి ఆపాదిస్తారు. అందులో 74 ముక్కలు దక్కాయి. న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో 35, బెర్గమోలోని అకాడెమియా కరారాలో 26 ఉండగా మిగతా 13 ఒక ఇటాలియన్ కుటుంబం దగ్గర ఉన్నాయి. ఇవి అచ్చు వేసినవి కావు. ఒక్కో ముక్క సుమారు 17 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దళసరి అట్ట మీద బంగారు రేకు అతికి, సన్నని పనిముట్లతో ఆ రేకు మీద చుక్కలు, గీతలు గుచ్చి, ఆపైన రంగులు వేశారు.

ఇందులోని స్త్రీలు దర్బారు స్త్రీలు. సామ్రాజ్ఞి గౌను మీద స్ఫోర్జా వంశపు చిహ్నమైన మూడు ఉంగరాల ముడి ఉంటుంది. చేతి డాలు మీద నల్లని గద్ద. అంటే ఆమె ఏదో ఒక భావానికి బొమ్మ కావడానికి ముందే ఒక వంశానికి ప్రతినిధి. నక్షత్రం ముక్కలో నిండు దుస్తులు కట్టుకున్న స్త్రీ ఒక చేత్తో చుక్కను పైకెత్తి పట్టుకుంటుంది. మహిళా పోపు మాత్రం గోధుమరంగు సన్యాసిని దుస్తుల్లో, తలపై మూడంతస్తుల కిరీటంతో, చేతిలో పుస్తకంతో కూర్చుంటుంది. చర్చి చరిత్రలో అలాంటి పదవి లేదు కాబట్టి ఈ బొమ్మ చాలా వాదాలకు దారితీసింది. మిలాన్‌లో ఒక మతశాఖ తన పోపుగా ఎన్నుకున్న మాన్‌ఫ్రెడా అనే సన్యాసినిని 1300లో సజీవదహనం చేశారు. ఆమె విస్కోంతి వంశానికి బంధువు కాబట్టి ఈ బొమ్మ ఆమెదేనని గెర్‌ట్రూడ్ మోక్లీ 1966లో ప్రతిపాదించింది. ఈ బొమ్మ చర్చినే స్త్రీరూపంలో చూపిస్తుందని మరికొందరి అభిప్రాయం.

యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న మరో విస్కోంతి కట్టలో 67 ముక్కలు మిగిలాయి. అందులో ప్రతి జాతికీ రాజు, రాణితో పాటు గుర్రమెక్కిన వీరుడు, గుర్రమెక్కిన వీరనారి, సేవకుడు, సేవకురాలు అంటూ ఆరు హోదాలున్నాయి. తర్వాతి కట్టల్లో హోదాలు నాలుగుకు తగ్గాయి. వీరనారి, సేవకురాలు కట్టలోంచి తప్పుకోగా రాణి ఒక్కతే మిగిలింది.

చెక్క దిమ్మెలు, స్టెన్సిళ్లు

బంగారు కార్డులు ప్రభువులకే దక్కేవి. సత్రాల్లో, సంతల్లో ఆడే పేక చెక్క అచ్చుతో తయారయ్యేది. కాగితం యూరప్‌లో చౌకగా దొరకడం మొదలయ్యాక చెక్క అచ్చు ముందుగా రెండు సరుకులకు ఉపయోగపడింది: ఒకటి దేవుళ్ల, సాధువుల పటాలు, రెండోది పేకముక్కలు. ఈ పనిలో స్త్రీలూ ఉన్నారు. 1430ల నాటి న్యూరెంబర్గ్ పట్టణ దస్త్రాల్లో కార్డులు చేసేవారిగా, కార్డులకు రంగులు వేసేవారిగా స్త్రీల పేర్లు నమోదయ్యాయి.

పని వరుసగా సాగేది. ఒకే దిమ్మె మీద చాలా ముక్కల బొమ్మలను తిరగేసి చెక్కేవారు. సిరా రాసి, తడి కాగితం పరిచి, వెనక నుంచి రుద్ది గీతల అచ్చు తీసేవారు. రంగులకు వేరే దిమ్మెలు వాడేవారు కాదు. ఒక్కో రంగు ఎక్కడ పడాలో అక్కడ కత్తిరించిన స్టెన్సిల్‌ను అచ్చు మీద పెట్టి, కుంచెతో ఎరుపు, నీలం, పసుపు అద్దేవారు. తర్వాత కాగితాలను పొరలు పొరలుగా జిగురుతో అతికించి, ఒత్తి, ఆరబెట్టి, నునుపు చేసి ముక్కలుగా కోసేవారు. స్టెన్సిల్ కాస్త జరిగితే సామ్రాజ్ఞి గౌనులోని ఎరుపు ఆమె సింహాసనం మీదికి పాకేది. పాత కట్టలు చాలావాటిలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

దిమ్మె మీద సన్నని వివరం నిలవదు. నాలుగు గీతలతో ముఖం, పది గీతలతో దుస్తుల మడతలు వచ్చేయాలి. అందుకే గౌను మీది వంశచిహ్నాలు మాయమై, చేతిలో పట్టుకున్న వస్తువే ఆ స్త్రీ ఎవరో చెప్పే గుర్తుగా మిగిలింది. న్యాయానికి తక్కెడ, కత్తి. మితానికి రెండు కూజాలు, వాటి మధ్య నీటిధార. బలానికి సింహం నోరు. గుర్తును బట్టి మనిషిని పోల్చుకునే ఈ పద్ధతి తర్వాతి కాలపు కళాకారులకు ఎంతో పనికొచ్చింది.

పారిస్‌లో జాన్ నోబ్లే 1650 ప్రాంతంలో, లియోన్‌లో జాన్ దోదాల్ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, మార్సెయ్‌లో నికొలా కొన్వేర్ 1760లో చెక్కించిన కట్టలు ఈ నమూనాకు ప్రసిద్ధ ఉదాహరణలు. దీన్నే మార్సెయ్ టారో అంటారు. నక్షత్రం ముక్కలో నిండు దుస్తుల స్త్రీ పోయి, నీటి ఒడ్డున ఒక మోకాలు నేలకానించి రెండు కూజాలు వంపుతున్న నగ్నస్త్రీ వచ్చింది. మిలాన్ కట్టలో ఇద్దరు పిల్లలు ఎత్తి పట్టుకున్న నగరంగా ఉన్న ప్రపంచం, ఆకుల దండ మధ్య నాట్యమాడే స్త్రీగా మారింది. చుట్టూ నాలుగు మూలల్లో దేవదూత, గద్ద, సింహం, ఎద్దు చేరాయి.

మహిళా పోపుకు మాత్రం చిక్కులు తప్పలేదు. మతపరమైన అభ్యంతరాల వల్ల కొన్ని ప్రాంతాల అచ్చుపని వారు ఆమెను తొలగించారు. బెజాన్సోన్ నమూనాలో ఆమె చోట నెమలితో నిల్చున్న జూనో దేవత వచ్చింది. బొలోన్యాలో 1725లో పోపు ప్రతినిధి జోక్యంతో మహిళా పోపు, సామ్రాజ్ఞి, చక్రవర్తి, పోపు నలుగురినీ తీసేసి, నలుగురు మూర్ పురుషులను పెట్టారు. ఆ ఊరి తురుపుల్లోంచి మహిళా పోపు, సామ్రాజ్ఞి ఇద్దరూ అలా ఒకేసారి పోయారు.

రాగిరేకు మీద చెక్కిన కట్టలూ ఉన్నాయి. 1490 ప్రాంతపు సోలా బూస్కా కట్ట వాటిలో ముఖ్యమైనది. 78 ముక్కలూ దక్కిన అతి పాత టారో ఇదే. 2009 నుంచి మిలాన్‌లోని బ్రేరా చిత్రశాలలో ఉంది. రాగి మీద సన్నని గీత నిలుస్తుంది కాబట్టి ఇందులో అంకెల ముక్కలకు కూడా మనుషులతో, వస్తువులతో నిండిన దృశ్యాలు గీశారు. మూడు కత్తులు గుచ్చుకున్న హృదయం అలాంటి ఒక ముక్క. దీని ప్రభావం నాలుగు వందల ఏళ్ల తర్వాత లండన్‌లో బయటపడింది.

ఆట నుంచి జోస్యానికి

1781లో ఫ్రెంచి పండితుడు కూర్ ద జెబ్లాన్ టారో ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని రాశాడు. దానికి ఆధారం లేదు, అయినా ఆ మాట నిలిచిపోయింది. ఎతెయ్యా అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన జాన్ బాప్తిస్త్ అల్లియెత్ 1785లో టారో జోస్యం మీద పుస్తకం వేసి, 1789లో జోస్యం కోసమే ఒక కట్టను అచ్చు వేయించాడు. అప్పటి నుంచి మహిళా పోపు ఐసిస్ దేవతగా, ప్రధాన పూజారిణిగా కొత్త అర్థాలు సంతరించుకుంది. 1888లో లండన్‌లో మొదలైన ‘గోల్డెన్ డాన్’ అనే రహస్య సంఘం టారోకు జ్యోతిషం, హీబ్రూ అక్షరాలు, రంగులు జోడించింది. ఆ సంఘం స్త్రీలను పురుషులతో సమానంగా చేర్చుకుంది. దాంతో చిత్రకళ నేర్చిన స్త్రీలకు టారో గుర్తుల అధ్యయనంలో ప్రవేశం దొరికింది.

పమేలా కోల్మన్ స్మిత్

గోల్డెన్ డాన్ సంఘంలో 1901లో చేరిన పమేలా కోల్మన్ స్మిత్ టారో స్త్రీమూర్తిని పూర్తిగా మార్చేసింది. ఆమె 1878లో లండన్‌లో అమెరికన్ తల్లిదండ్రులకు పుట్టింది. బాల్యం కొంత మాంచెస్టర్‌లో, కొంత జమైకాలో గడిచింది. పదిహేనేళ్లకే న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. అక్కడి ఉపాధ్యాయుడు ఆర్థర్ వెస్లీ డౌ జపాను చెక్క అచ్చుల కూర్పును పాఠంగా చెప్పేవాడు. దళసరి నల్లగీత, దాని లోపల నీడలు లేని చదును రంగు ఆమెకు అక్కడే అలవడ్డాయి. లండన్ తిరిగి వచ్చాక నాటకశాలలతో కలిసి పనిచేసింది. 1903, 1904 సంవత్సరాల్లో ‘ది గ్రీన్ షీఫ్’ పత్రికను 13 సంచికలు నడిపింది. అచ్చయిన బొమ్మలకు చేత్తో రంగులు వేసి అమ్మిన పత్రిక అది. 1907లో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తన ఫొటోల గ్యాలరీలో ఫొటోలు కాని కళాకృతులకు పెట్టిన మొదటి ప్రదర్శన ఆమెదే.

1909లో గుప్తవిద్యల రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అడగ్గా కొద్ది నెలల్లో ఆమె 78 ముక్కలకూ బొమ్మలు గీసింది. ఆ ఏడాది డిసెంబరులో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ వాటిని కలర్ లిథోగ్రఫీలో ప్రచురించింది. పని పెద్దది, ముట్టింది స్వల్పమని ఆమె స్టీగ్లిట్జ్‌కు ఉత్తరంలో రాసింది. అమ్మకాల్లో ఆమెకు వాటా ఏమీ లేదు.

సోలా బూస్కా కట్ట ఫొటోలు అప్పటికే బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. మూడు కత్తుల హృదయం లాంటి ముక్కల్లో పోలిక స్పష్టంగా ఉంది. అంకెల ముక్కలకూ దృశ్యాలు గీయడంతో ఆమె కట్టలో స్త్రీల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. తొమ్మిది నాణేల ముక్కలో ద్రాక్షతోటలో ఒంటరిగా నిలబడ్డ స్త్రీ చేతి మీద కళ్లకు గంత కట్టిన డేగ ఉంటుంది. ఎనిమిది కత్తుల ముక్కలో కట్లతో, కళ్లకు గంతతో ఒక స్త్రీ కత్తుల మధ్య నిలుచుంటుంది. కర్రల రాణి పాదాల దగ్గర నల్లపిల్లి, చేతిలో పొద్దుతిరుగుడు పువ్వు. ప్రధాన పూజారిణి వెనక దానిమ్మపండ్ల తెర, అటూ ఇటూ నలుపు తెలుపు స్తంభాలు, పాదాల చెంత నెలవంక. వీళ్లు దేవతలు, సద్గుణాల బొమ్మలు మాత్రమే కారు. తోట చూసుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, పడవలో వెళ్లిపోయేవాళ్లు కూడా వారిలో ఉన్నారు.

ఆ 1909లోనే లండన్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం ‘సఫ్రేజ్ అటెలియర్’ అనే కళాకారుల బృందం మొదలైంది. పోస్టర్లను దిమ్మెలతో తమ చేతులతోనే అచ్చు వేయడం వారి పద్ధతి. పెద్ద ప్రెస్సు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, అవసరం పడ్డప్పుడు వెంటనే తీయొచ్చు. స్మిత్ వారితోనూ పనిచేసింది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్‌లో పేదరికంలో కన్నుమూసింది. ప్రచురణకర్త పేరు, రచయిత పేరు కలిపి ‘రైడర్-వెయిట్’ అని పిలిచిన ఆ కట్టకు ఆమె పేరు చేర్చి చెప్పడం ఇటీవలి దశాబ్దాల్లోనే అలవాటైంది.

స్మిత్ తర్వాత

1938 నుంచి 1943 దాకా చిత్రకారిణి ఫ్రీడా హారిస్, గుప్తవిద్యల రచయిత అలిస్టర్ క్రౌలీ కోసం ‘థోత్’ కట్టను నీటిరంగుల్లో చిత్రించింది. వంపు గీతలు, జ్యామితీయ తలాల మీద నడిచే ఈ బొమ్మలు పూర్తి కట్టగా అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. అది 1969లో వచ్చింది. ఇంగ్లండులో పుట్టి మెక్సికోలో స్థిరపడిన లియోనోరా కారింగ్టన్ 1950లలో 22 బొమ్మల ముక్కలను బంగారు, వెండి రేకులతో చిత్రించింది. అవి 2018లో మెక్సికో నగరంలో ప్రదర్శనకు వచ్చేదాకా చాలామందికి తెలియవు. ఫ్రెంచి-అమెరికన్ కళాకారిణి నికి ద సాన్ ఫాల్ 1970ల చివర ఇటలీలోని గరవిక్యోలో టారో తోట మొదలుపెట్టి 1998లో జనానికి తెరిచింది. అద్దపు ముక్కలు, పింగాణీ పెంకులు అతికిన ఆ శిల్పాల్లో సామ్రాజ్ఞి ఇల్లంత ఉంటుంది, నికి కొన్నేళ్లు అందులోనే కాపురముంది. టారో బొమ్మలను ఆమె రంగు అచ్చులుగానూ తీసింది. 1981లో కాలిఫోర్నియాలో విక్కీ నోబుల్, కారెన్ వోగెల్ ‘మదర్‌పీస్’ అనే గుండ్రటి కార్డుల కట్టను తెచ్చారు. స్త్రీవాద ఉద్యమం నేరుగా టారో రూపం తీసుకున్న సందర్భమది.

బేటీ సార్ కిటికీలు

గుప్తవిద్యల గుర్తులు, ముద్రణ, స్త్రీ రూపం ఒకే చోట కలిసిన పనికి గట్టి ఉదాహరణ ఆఫ్రికన్-అమెరికన్ కళాకారిణి బేటీ సార్. 1926లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. 1949లో డిజైన్‌లో డిగ్రీ తీసుకుని, 1950ల చివర లాంగ్ బీచ్‌లో మళ్లీ చదువుకు వెళ్లి ప్రింట్‌మేకింగ్ వైపు మళ్లింది. అప్పటికి ఆమె పిల్లల తల్లి. 1960లలో తీసిన ఎచింగుల్లో హస్తరేఖలు, రాశిచక్రం, టారో, తల ఆకారాన్ని బట్టి గుణం చెప్పే పటాలు వచ్చి చేరాయి. లోహపు రేకు మీద మెత్తని పూత పూసి, దాని మీద రకరకాల వస్తువులను అదిమి, వాటి గుర్తులను ఆమ్లంతో కొరికించే పద్ధతి ఆమె ఎక్కువగా వాడింది. అంటే అచ్చులోనే అతుకుబొమ్మ స్వభావం ఉంది.

1960లలోనే ఆమె పాత కిటికీ చట్రాల్లో అచ్చులను అమర్చడం మొదలుపెట్టింది. 1967లో పసడీనాలో చూసిన కళాకారుడు జోసెఫ్ కార్నెల్ పెట్టెల ప్రదర్శన ఆమె మీద గట్టి ప్రభావం చూపింది. 1969 నాటి ‘బ్లాక్ గర్ల్స్ విండో’ ఆమె కిటికీల్లో ప్రసిద్ధమైనది. సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తు, 46 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క కిటికీ అది. కింది పెద్ద అద్దం వెనక నల్లని బాలిక రూపం రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నిలబడి ఉంటుంది. చేతుల నిండా గ్రహాల, నక్షత్రాల గుర్తులు. పైన తొమ్మిది చిన్న గడులు. వాటిలో నెలవంక, చుక్కలు, ఆమె జన్మరాశి అయిన సింహం, గుర్తులు గీసిన తల పటం, ఒక స్త్రీ పాత ఫొటో ఉన్నాయి. మధ్య గడిలో మృత్యువుకు గుర్తుగా అస్థిపంజరం కనిపిస్తుంది. సార్ చిన్నతనంలోనే తండ్రి పోయాడు.

చంద్రుడు, నక్షత్రం, మృత్యువు టారో తురుపుల్లోనూ ఉన్నవే. తొమ్మిది గడులు పరిచిన కార్డుల్లా ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటాయి. అయితే మార్సెయ్ అచ్చుల్లో గుర్తు స్త్రీ చేతిలో వస్తువుగా ఉండేది, ఇక్కడ చర్మం మీదికే ఎక్కింది. యూరోపియన్ కట్టల్లో కనిపించని నల్లజాతి అమ్మాయి ఇక్కడ ఆ గుర్తులన్నిటికీ యజమాని.

మిశ్రమ ముద్రణలో గుర్తుల పని

సార్ కాలం నుంచి ముద్రణశాలల్లో టారో ఆధారంగా స్త్రీ బొమ్మలు చేసే కళాకారిణులు పలు పద్ధతులను ఒకే కాగితం మీద కలుపుతున్నారు. కొలాగ్రఫీలో అట్ట మీద గుడ్డ, దారం, ఆకులు, ఇసుక అతికించి, దాన్నే అచ్చు రేకుగా వాడి సిరా పట్టించి ప్రెస్సులో ఒత్తుతారు. లేసు గుడ్డ అతికితే రాణి గౌను నేత నేరుగా కాగితం మీద పడుతుంది. చీన్ కొలే పద్ధతిలో పల్చటి రంగు కాగితాన్ని జిగురుతో అచ్చు వేసేటప్పుడే కలిపి ఒత్తుతారు. పాత ఉత్తరాలు, పటాలు, అచ్చు కాగితాలు ఇలా బొమ్మ ఒంట్లో భాగమవుతాయి. మోనోటైప్‌లో నునుపు పలక మీద గీసిన బొమ్మ నుంచి ఒక్క అచ్చు మాత్రమే సరిగా వస్తుంది. చివరకు స్టెన్సిల్‌తో రంగు, కుంచెతో దిద్దడం, బంగారు రేకు, కుట్టుపని చేరతాయి.

టారో ఈ పనికి ఎందుకు ఒదుగుతుందో దాని నిర్మాణమే చెబుతుంది. నిలువు చట్రం, పైన అంకె, కింద పేరు ముందే ఉన్నాయి కాబట్టి లోపల ఎంత కలగలుపు చేసినా చూసేవారు దాన్ని కార్డుగానే గుర్తుపడతారు. గుర్తులు ఒక స్త్రీ నుంచి మరో స్త్రీకి మారగలవు. తక్కెడ ఎవరి చేతిలో పెడితే ఆమె న్యాయమవుతుంది. 22 బొమ్మల వరుస ఉండటంతో ఒక్క అచ్చుకు బదులు ఒక శ్రేణి చేయడానికి ప్రణాళిక దొరుకుతుంది. రేకు ఒకటే అయినా ప్రతి అచ్చుకూ రంగు, కాగితం, అతుకు మార్చి, ఒకే రాణిని పది రకాలుగా చూపించవచ్చు.

ఆలస్యంగానైనా సంగ్రహాలయాలు ఈ పనిని పట్టించుకున్నాయి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ‘బ్లాక్ గర్ల్స్ విండో’ను తన సేకరణలో చేర్చుకుంది. ఆ తర్వాత సార్ కాగితం మీద చేసిన పనులు 42 తీసుకుని, 2019 అక్టోబరులో వాటితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. పమేలా కోల్మన్ స్మిత్ పనిని 2022లో విట్నీ మ్యూజియం తొలినాటి అమెరికన్ ఆధునిక కళ ప్రదర్శనలో చేర్చింది.